అరవై లక్షల కారు... ఉద్దానం దారి!

డ్రైవింగ్ పిచ్చి ఉన్నవాళ్లని గుర్తుపట్టడం చాలా తేలిక. బస్సెక్కితే డ్రైవర్ వెనక సీటే కావాలంటారు. పెళ్లికెళ్తే వధూవరుల కంటే ముందు పార్కింగ్‌లో ఉన్న బళ్లని చూసొస్తారు. పక్క వీధిలో పాలప్యాకెట్ తెమ్మంటే ఊరంతా ఓ చుట్టు తిరిగి తెస్తారు. నేనూ ఆ బాపతే.

మా బ్యాచ్‌లో ఇప్పుడు ఒకటే గొడవ. ఎలక్ట్రిక్ కారు నడిపితే మజా వస్తుందా, రాదా? సగం మంది ‘అది కారు కాదురా, చక్రాలు పెట్టిన సెల్‌ఫోన్’ అంటారు. మిగతా సగం ‘ఒక్కసారి తొక్కి చూడు, తర్వాత మాట్లాడుకుందాం’ అంటారు. యూట్యూబ్‌లో రివ్యూలకి కొదవ లేదు. కానీ అవన్నీ ఖాళీ ఎక్స్‌ప్రెస్‌వేల మీదో, పెద్ద సిటీల్లోనో తీసినవి. అదే కారు టెక్కలి దాటి, పలాసలో హైవే దిగి, ఉద్దానం కొబ్బరితోటల మధ్య దూరితే ఏం చేస్తుందో చెప్పేవాళ్లు కనపడలేదు.

పోయిన సంక్రాంతికి ఆ సంగతి నేనే చూశాను. వైజాగ్‌లో ఉండే మా బావ, అంటే అక్క భర్త, రెండేళ్ల కింద ఓ ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. అది నాలుగు రోజులు నా చేతిలో ఉంది. కంపెనీ పేరు చెప్పను, దాంతో పనిలేదు కూడా. 80 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, రెండు టన్నులు దాటిన బరువు, రోడ్డెక్కేసరికి అరవై లక్షల పైన. ఈ తరగతి కార్లన్నీ దాదాపు ఈ అంకెల చుట్టూనే తిరుగుతుంటాయి.

ఇది సరదా టెస్ట్ డ్రైవ్ కాదు. బావ ఇంకో కారు మీద కన్నేశాడు. ‘ఇది నీకైతే సగం ధరకిస్తాను, నడిపి చూసి చెప్పు’ అన్నాడు. లోను పెడితే అందుకోగలను. నా పాత డీజిల్ స్విఫ్ట్‌కి పదేళ్లు దాటాయి, ఎలాగూ మార్చాలి. ఇంకో సంగతి కూడా ఉంది. వజ్రపుకొత్తూరు మండలంలో మా అమ్మమ్మగారి ఊళ్లో మావయ్య, అత్తయ్య ఇద్దరే ఉంటారు. మావయ్యకి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. పిల్లలు గల్ఫ్‌లో ఉన్నారు. అర్ధరాత్రి ఫోన్ మోగితే వైజాగ్ నుంచి బయల్దేరాల్సింది నేనే. కాబట్టి నేను కొనే కారు నన్ను నవ్విస్తే చాలదు, ఆ ఫోన్‌కి కూడా జవాబు చెప్పాలి.

తొక్కితే ఏమవుతుంది?

ముందు మజా సంగతి చెప్పేస్తాను. ఉంది. మామూలుగా లేదు.

పెట్రోల్, డీజిల్ ఇంజిన్‌కి బలం రావాలంటే ముందు అది కొంత వేగంగా తిరగాలి. నా స్విఫ్ట్‌నే తీసుకోండి. దాని 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. కాకపోతే అది 2,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. ఎలక్ట్రిక్ మోటార్‌కి ఆ ఎదురుచూపు లేదు. చక్రం కదలకముందే పూర్తి టార్క్ సిద్ధంగా ఉంటుంది. ఇక దాని అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. రెండు మోటార్ల కియా ఈవీ6లో 605 న్యూటన్ మీటర్లు. బీవైడీ సీల్ పైస్థాయి మోడల్ సున్నా నుంచి వందకి వెళ్లడానికి కంపెనీ చెప్పే సమయం 3.8 సెకన్లు. మన మహీంద్రా బీఈ 6 కూడా పెద్ద బ్యాటరీతో 6.7 సెకన్లు అంటోంది. పదేళ్ల కింద ఇలాంటి అంకెలు స్పోర్ట్స్ కార్ల పోస్టర్ల మీదే చూసేవాళ్లం.

ఆనందపురం దాటాక హైవే ఖాళీ అయింది. ముందున్న లారీని దాటడానికి పెడల్ మీద కాలు కాస్త గట్టిగా పెట్టానో లేదో, వీపు సీటుకి అతుక్కుపోయింది. గేరు తగ్గించడం లేదు, ఇంజిన్ అందుకునేదాకా ఆగడం లేదు. అనుకున్నంతలో లారీ అద్దంలోకి వెళ్లిపోయింది. ఎదురుగా బండి వస్తుందేమో అన్న భయంతో ఓవర్‌టేక్ చేసే రెండు లేన్ల రోడ్ల మీద ఈ గుణం సరదా మాత్రమే కాదు, రక్షణ కూడా.

ఇదేదో కొత్త వింత అనుకుంటాం గానీ, ప్రపంచంలో గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటిన మొట్టమొదటి కారు ఎలక్ట్రిక్ కారే. 1899లో, కామీ జెనాట్జీ అనే బెల్జియం డ్రైవర్ నడిపాడు. ఆ కారుకి ఆయన పెట్టుకున్న పేరుకి అర్థం ‘ఎన్నటికీ తృప్తిపడనిది’. డ్రైవింగ్ పిచ్చోళ్లందరికీ పెట్టదగ్గ పేరు!

ఇంకో లాభం మలుపుల్లో తెలుస్తుంది. బరువైన బ్యాటరీ మొత్తం నేల కింద పరుచుకుని ఉంటుంది కాబట్టి కారు పక్కకి ఒరగదు. ఎత్తయిన ఎస్‌యూవీల్లో మలుపు తిరిగితే కడుపులో తిప్పినట్టుంటుంది చూడండి, అది ఇందులో లేదు.

మరి పోయిందేంటి?

స్విఫ్ట్‌లో నాకిష్టమైన క్షణం ఒకటుంది. మూడో గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ పెడల్ నొక్కితే మొదట ఏమీ జరగదు. ఒకటి, రెండు లెక్కపెట్టేలోగా టర్బో మేలుకుని ఒక్కసారిగా తోస్తుంది. ఇంజనీర్ల భాషలో అది లోపం. మాకు మాత్రం అదే రుచి. ఆ తోపు ఎప్పుడొస్తుందో ముందే ఊహించి, సరిగ్గా అప్పుడే మలుపులోంచి బయటికొచ్చేలా గేరు వేసుకోవడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నేర్చుకున్నాక కారు నా చేతిలో భాగమైపోయింది.

ఎలక్ట్రిక్ కారులో నేర్చుకోవడానికి అలాంటిదేమీ మిగల్లేదు. నేను తొక్కినా అదే వేగం, బావ తొక్కినా అదే వేగం, నిన్ననే లైసెన్స్ తెచ్చుకున్న కుర్రాడు తొక్కినా అదే వేగం. మొదటి గంట ‘అబ్బ!’ అనిపించింది. మూడో గంటకి అలవాటైంది. శ్రీకాకుళం వచ్చేసరికి నేను ఏసీ సర్దుకుంటూ పాటలు మార్చుకుంటున్నాను.

ఈ లోటు కంపెనీలకి కూడా తెలుసు. హ్యుందాయ్ విదేశాల్లో అమ్మే ఐయానిక్ 5 ఎన్ అనే కారులో లేని గేర్లు ఉన్నట్టు కుదుపులిచ్చే ఏర్పాటు పెట్టింది. స్పీకర్లలోంచి ఇంజిన్ శబ్దం కూడా వస్తుంది. 650 హార్స్‌పవర్ ఇవ్వగలిగినవాళ్లు కూడా గేరు మార్చిన భ్రమని వేరుగా అందించాల్సి వచ్చిందంటే, మనం ఇష్టపడేది వేగం ఒక్కదాన్నే కాదని అర్థమవుతోంది కదా.

బరువు మాటకొస్తే, నా స్విఫ్ట్ వెయ్యి కిలోలకి కాస్త ఎక్కువ. ఆ బీవైడీ సీల్ 2,185 కిలోలు. రోడ్డుకి అతుక్కుని వెళ్తుంది నిజమే. కానీ బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడినప్పుడు ఆ రెండు టన్నులు ఎక్కడికీ పోవు. చిన్న కారులో ఉండే చలాకీతనం వేరు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున చూసిన పాఠం

అయితే ఎలక్ట్రిక్ కారు నడపడంలో నైపుణ్యమే లేదా? ఉంది, కాకపోతే అది వేరే చోట ఉంది. ఈ సంగతి నాకు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో తెలిసింది. ఆ రోజు హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. మన దేశంలో అదే మొదటిది. మరుసటి ఏడాది రేసు రద్దయింది కాబట్టి ఇప్పటికైతే హైదరాబాద్‌కి ఆ ఒక్క జ్ఞాపకమే.

ఇంజిన్ల గర్జన కోసం వెళ్లినవాళ్లకి అక్కడ ఈల లాంటి మోటార్ కూత, టైర్ల రాపిడి మాత్రమే వినిపించాయి. కానీ చివరి ల్యాపుల్లో ఊపిరి బిగపట్టి చూశాం. డీఎస్ పెన్స్‌కీ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు. వెనక నిక్ కాసిడీ వదలకుండా తరుముతున్నాడు. మలుపుకి చాలా ముందే పెడల్ మీంచి కాలు తీసి, కారుని దానంతట అది జారనిచ్చి, ఆ జారుడులో కొంత కరెంటు వెనక్కి రాబట్టుకుంటూ వెర్న్ గెలిచాడు. ఫార్ములా ఈ రేసులో వాడే ఎనర్జీలో 40 శాతం పైగా ఇలా బ్రేకింగ్‌లో వెనక్కి వచ్చేదే. అక్కడ గట్టిగా తొక్కడం ఎవరికైనా వచ్చు. ఎప్పుడు తొక్కకూడదో తెలిసినవాడు గెలుస్తాడు.

మడపాం దగ్గర వంశధార వంతెన ఎక్కినప్పుడు నేనూ అదే ఆట మొదలుపెట్టాను. దూరంగా లారీ బ్రేక్ లైటు కనపడగానే కాలు తీసేయడం. బ్రేకు ముట్టుకోకుండా స్పీడ్ బ్రేకర్ దాకా జారడం. నరసన్నపేట నుంచి కోటబొమ్మాళి దాకా బ్రేకు పెడల్ వాడింది రెండుసార్లే. పాటలు కట్టేశాను. మళ్లీ డ్రైవింగ్ చేస్తున్నట్టు అనిపించింది.

లెక్క లేకుండా తిరగలేం

ఇప్పుడు అంకెలు చూద్దాం. వైజాగ్ నుంచి పలాస దాదాపు 200 కిలోమీటర్లు. నాలుగు లేన్ల హైవే మీద కార్లకి ఉన్న గరిష్ఠ పరిమితి గంటకు 100. ఆ వేగంతో, ఏసీ వేసుకుని వెళ్తే నా చేతిలో కారు వంద కిలోమీటర్లకి సుమారు 19 యూనిట్లు తాగింది. అంటే పలాస చేరేసరికి బ్యాటరీలో దాదాపు సగం అయిపోతుంది. వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి అడ్డగింపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. డీజిల్ కారులోనూ ఇదే సూత్రం. కానీ బంకులో ఐదు నిమిషాల్లో నింపుకుంటాం కాబట్టి పట్టించుకోం. ఇక్కడ మాత్రం సంతోషంగా తొక్కిన ప్రతి నిమిషం తర్వాత చార్జర్ దగ్గర కూర్చునే నిమిషాలుగా తిరిగొస్తుంది. డ్రైవింగ్ ఇష్టపడేవాడికి ఇది కాస్త క్రూరమైన జోక్.

టెక్కలి వచ్చాక ఈ తేడా బాగా తెలిసింది. సంక్రాంతి రోజుల్లో టెక్కలి దాకా వచ్చి తేలినీలాపురం వెళ్లకపోతే నాకు పండగే కాదు. అక్కడి చింతచెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు కట్టుకుని ఉంటాయి. స్విఫ్ట్‌లో అయితే ఆలోచించేవాడినే కాదు, చెయ్యి తిప్పేసేవాడిని. ఈసారి ముందు స్క్రీన్ చూశాను. 58 శాతం. అక్కడికి వెళ్లొస్తే ఎంత, ఊరు చేరేసరికి ఎంత, రాత్రి ఏదైనా అవసరమైతే ఎంత? లెక్క వేసుకుని వెళ్లాను. పక్షుల్ని చూశాను, బాగుంది. కానీ నాకు డ్రైవింగ్ అంటే దారి తప్పే స్వేచ్ఛ. కారు ఎంత వేగమైనా ఆ స్వేచ్ఛకి ముందు కాలిక్యులేటర్ తీయాల్సి వస్తే, అందులో కొంత పోయినట్టే.

గన్ పట్టుకుని గంట

మూడో రోజు హైవే పక్కన ఓ ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వెళ్లాను. రెండు గన్నులుంటే ఒకటి పనిచేయట్లేదు. రెండోదానికి అప్పటికే ఓ ట్యాక్సీ తగిలించి ఉంది. డ్రైవర్ టిఫిన్‌కి వెళ్లాడు. అతనొచ్చేదాకా ఆగి, యాప్ డౌన్‌లోడ్ చేసి, ఓటీపీ కోసం సిగ్నల్ వెతుక్కుని మొత్తానికి మొదలెట్టాను. 60 కిలోవాట్ల చార్జర్ మీద 31 నుంచి 80 శాతానికి నలభై ఐదు నిమిషాలు పట్టింది. యూనిట్‌కి పన్నులతో కలిపి 24 రూపాయలు పడింది.

ఇక్కడ మరో చిన్న లెక్క. 200 కిలోమీటర్లకి 40 యూనిట్లు అనుకుంటే బయట చార్జింగ్‌కి 960 రూపాయలు. నా స్విఫ్ట్ లీటరుకి 20 ఇస్తుంది కాబట్టి పది లీటర్ల డీజిల్, అది కూడా దాదాపు అంతే. ‘ఎలక్ట్రిక్ అంటే పైసల్లో ప్రయాణం’ అనే మాట ఇంట్లో చార్జ్ చేసుకునేవాళ్లకే వర్తిస్తుంది. ఇంటి మీటర్ మీద అయితే ఖర్చు మూడోవంతుకి దిగుతుంది.

పన్నుల్లో లాభం మాత్రం నిజమే. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్‌టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. పెద్ద పెట్రోల్, డీజిల్ కార్లకి 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. అయితే కొన్నప్పుడు మిగిలేది అమ్మేటప్పుడు పోవచ్చు. నాకు సగం ధరకి దొరుకుతోందంటే, బావకి రెండేళ్లలో సగం పోయినట్టే కదా!

కొబ్బరితోటల్లో చప్పుడు లేని బండి

కాశీబుగ్గ దాటి సముద్రం వైపు తిరిగితే వేరే ప్రపంచం. రెండు పక్కలా కొబ్బరి, మధ్యమధ్యలో జీడితోటలు, పనస చెట్లు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. జనవరిలో జీడిచెట్లు పూత మీద ఉంటాయి. అద్దాలు దించి నెమ్మదిగా వెళ్తుంటే ఆ పూత వాసన, దూరంగా అలల హోరు, సరుగుడు తోటల్లో గాలి... అన్నీ వినపడుతున్నాయి. ఇరవయ్యేళ్లుగా తిరుగుతున్న దారి అది. ఇన్నాళ్లూ నా డీజిల్ ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ వినలేదన్నమాట. ఈ కారులో నాకు బాగా నచ్చింది ఆ ముప్పై కిలోమీటర్ల వేగమే.

కాకపోతే చప్పుడు లేకపోవడంతో చిక్కు కూడా ఉంది. ఊళ్లోకి రాగానే మేకలు కదలవు, అరుగు మీంచి దూకే పిల్లలు వెనక్కి చూడరు. ప్రతి పది గజాలకీ హారన్ కొట్టాలి. ఊరి మధ్యలో ఆపగానే కుర్రాళ్లు చుట్టూ మూగారు.

“అన్నా, స్టార్ట్ సేసే ఉందా, ఆపేసినావా?”

“సప్పుడే రాట్లేదు, ఇదేటి కారన్నా?”

ఇక రోడ్ల సంగతి. సిమెంటు రోడ్డు మీద ఇంటికో హంప్. బ్యాటరీ నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ప్రతి హంప్ దగ్గరా ఊపిరి బిగపట్టాలి. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టర్ వస్తే పక్కకి దిగాలి, పక్కనంతా ఇసుక. రెండు టన్నుల బండి ఇసుకలో దిగబడితే నలుగురు తోసినా కదలదు. 20 అంగుళాల సన్న అంచు టైర్లు, డిక్కీలో స్టెప్నీ లేదు. దాని బదులు ఓ పంక్చర్ కిట్ ఉంది. టైరు పక్క చిరిగితే ఆ కిట్ పనికిరాదు. ఆ సైజు టైరు ఉందా అని పలాసలో రెండు షాపుల్లో అడిగాను. “వైజాగ్ నుంచి తెప్పించాలి సార్” అన్నారు.

అసలు పరీక్ష ప్లగ్గు దగ్గర

రాత్రి ఇంట్లో చార్జింగ్ పెడదామని బావ ఇచ్చిన పోర్టబుల్ చార్జర్ తీసి 15 ఆంప్స్ సాకెట్‌లో పెట్టాను. ఎర్ర లైటు. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్ర లైటే. ఎలక్ట్రిక్ కారు చార్జర్ ముందు ఎర్తింగ్ ఉందో లేదో చూస్తుంది, లేకపోతే చార్జింగ్ మొదలే పెట్టదు. ప్రాణరక్షణ కోసం పెట్టిన ఏర్పాటు అది. మావయ్య ఇల్లు కట్టి ముప్పయ్యేళ్లయింది. అప్పుడు వేసిన ఎర్తింగ్ తీగ ఏ ఇసుకలో ఎక్కడ తెగిపోయిందో ఎవరికి తెలుసు?

మర్నాడు పలాస నుంచి ఎలక్ట్రీషియన్‌ని తీసుకొచ్చాను. పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్తింగ్ చేశాడు. “ఇసక నేల బాబూ, ఎండిపోతే పనిసెయ్యదు. రోజూ సెంబుడు నీళ్లు పొయ్యండి” అని చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి పచ్చ లైటు వెలిగింది. కానీ సాయంత్రం వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి కరెంటు తక్కువ ఆంప్స్‌కి తగ్గించి పెట్టాల్సొచ్చింది. పది గంటల్లో ఎక్కింది 20 శాతం, అంటే ఎనభై కిలోమీటర్ల పైన దూరానికి సరిపడేంత. అత్తయ్య మాత్రం మీటర్ వైపు చూస్తూ “బిల్లెంతొస్తాదిరా బాబూ దీనికి?” అని రెండుసార్లు అడిగింది.

అప్పుడు నాకో నియమం దొరికింది. మావయ్యకి రాత్రివేళ ఒంట్లో బాగోలేక వైజాగ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే 200 కిలోమీటర్ల పైన ఉంటుంది. దారిలో ఆగడానికి వీల్లేదు. అంటే ఊళ్లో ఉన్నన్నాళ్లూ బ్యాటరీ 60 శాతానికి తగ్గకూడదు. అలా చూస్తే నేను తిరగడానికి మిగిలేది 40 శాతమే. అరవై లక్షల కారులో సగానికి పైగా ముట్టుకోకుండా దాచుకోవాలి.

మావయ్య మాట

రెండో రోజు డయాలసిస్. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీరు చదివే ఉంటారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలయ్యాయి. అంతకుముందుతో పోలిస్తే దూరాలు తగ్గాయి. కానీ నాలుగు గంటలు మెషీన్ మీద ఉండి బయటికొచ్చిన మనిషికి ఇరవై కిలోమీటర్లు కూడా దూరమే. ఒంట్లో నీరు తీసేశాక నీరసం, తల తిరుగుడు. ఆటోలో వస్తే ప్రతి కుదుపుకీ వాంతి వచ్చినట్టుంటుందని మావయ్య చెప్తుంటాడు.

ఆ మధ్యాహ్నం ఆయన్ని ముందు సీట్లో పడుకోబెట్టినట్టు కూర్చోబెట్టి, కారు మెల్లగా పోనిచ్చాను. గేరు మారే కుదుపు లేదు, ఇంజిన్ వణుకు లేదు, పొగ వాసన లేదు. బ్రేకు ముట్టుకోకుండా కాలు ఎత్తుతూ హంప్‌లు దాటించాను. హుస్సేన్‌సాగర్ దగ్గర నేర్చుకున్న ఆ జారుడు ఇక్కడ పనికొచ్చింది. సగం దారిలో చూస్తే మావయ్య నిద్రపోయాడు. ఇల్లొచ్చాక లేపితే, “ఏట్రా, బయల్దేరనేదా ఇంకా?” అన్నాడు.

3.8 సెకన్ల గురించి ఎవరెన్ని రీల్స్ చేసినా, కారు గురించి నేను విన్న మంచి రివ్యూ అదే.

తుపాను వస్తే?

మా తీరంలో కారు కొనేవాడు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలి. కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ ఉన్న ఇంటి ముందు ఫోన్లు పట్టుకుని లైన్ కట్టాం. అలాంటప్పుడు ఎలక్ట్రిక్ కారు ఉంటే గోడకి ఆనించిన బొమ్మే కదా?

సగం నిజమే. బ్యాటరీ అయిపోతే బొమ్మే. కానీ హ్యుందాయ్ ఐయానిక్ 5, కియా ఈవీ6 లాంటి కొన్ని కార్లలో బ్యాటరీలోంచి కరెంటు బయటికి తీసుకోవచ్చు, 3.6 కిలోవాట్ల దాకా. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, ఊళ్లోవాళ్ల ఫోన్లు కలిపి రోజుకి ఐదారు యూనిట్లు అనుకుంటే, నిండు బ్యాటరీ పది రోజులు పైన ఇంటిని నడుపుతుంది. తుపాను వస్తోందని రెండు మూడు రోజుల ముందే చెప్తున్నారు కాబట్టి నింపి పెట్టుకోవచ్చు. కాకపోతే ఇల్లు నడపాలా, మావయ్యని పలాస తీసుకెళ్లాలా అని మళ్లీ అదే బ్యాటరీని పంచుకోవాలి. పోనీ డీజిల్ బండి నయమా అంటే, కరెంటు లేకపోతే బంకు కూడా జనరేటర్ మీద ఆధారపడాల్సిందే. దారి మీద చెట్లు పడితే ఏ కారైనా ఒకటే.

బావకి ఏం చెప్పాను?

నాలుగు రోజుల తర్వాత తాళాలిస్తూ బావకి ఒకటే మాట చెప్పాను: “ముందు ప్లగ్గు, తర్వాత కారు.”

డ్రైవింగ్ ఇష్టపడేవాళ్లకి ఖరీదైన ఎలక్ట్రిక్ కారు నచ్చదని నేననుకోను. గేర్ల ఆట పోయినా కొత్త ఆట ఉంది. ఓవర్‌టేక్‌లో ధైర్యం ఉంది, తోటల్లో నిశ్శబ్దం ఉంది. కానీ ఆ మజా ఎంతన్నది కారు చేతిలో లేదు. దారి చివర ఉన్న సాకెట్ చేతిలో ఉంది. రోజూ సాయంత్రం ఇంటికి చేరి, మంచి ఎర్తింగ్ ఉన్న ప్లగ్గులో పెట్టుకునేవాడికి ఇది రాజభోగం. ఊరికీ ఊరికీ మధ్య తిరిగే నాలాంటివాడికి రెండు చివర్లా ప్లగ్గు ఉంటేనే కారు, లేకపోతే లెక్కల పుస్తకం.

మీరూ ఇలాంటి కారు చూస్తుంటే షోరూమ్‌లో సున్నా నుంచి వంద ఎన్ని సెకన్లని అడగకండి. అది అన్ని కార్లకీ బాగానే ఉంటుంది. మీరు ఎక్కువగా వెళ్లే ఊళ్లో ఎర్తింగ్ ఉందా, సాయంత్రం వోల్టేజీ ఎంత, ఆ సైజు టైరు ఎక్కడ దొరుకుతుంది, దారిలో చార్జర్ పనిచేయకపోతే తర్వాతది ఎంత దూరం... ఇవి కనుక్కోండి. టెస్ట్ డ్రైవ్ కూడా షోరూమ్ చుట్టూ కాదు, మీ సొంతూరి దారిలో అడగండి.

మావయ్య ఇంటికి త్రీఫేజ్ కోసం, అదనపు లోడ్ కోసం దరఖాస్తు పెట్టాను. అత్తయ్య రోజూ ఎర్తింగ్ గొయ్యిలో చెంబెడు నీళ్లు పోస్తోంది. ఉగాది దాకా కారు ఎవరికీ ఇవ్వనని బావ అన్నాడు. అప్పటికి లైను పడితే తీసుకుంటాను. పడకపోతే, ఆయన దాన్ని అమ్మేసుకున్నా నాకు బాధ లేదు, ఇలాంటి కారు ఇంకోటి దొరుకుతుంది. ఈలోగా స్విఫ్ట్‌కి క్లచ్ ప్లేట్లు మార్పించి, ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకుంటున్నాను.